తుపాకీ మీద లేని పేర్లు

అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుంటున్న మన తమ్ముళ్లు కొందరికి ఈ మధ్య పాత తుపాకుల సరదా పట్టుకుంది. పాత రివాల్వర్లు, పోలీసు బిళ్ళలు, నిజాం కాలపు బెల్టు బకిళ్ల ఫొటోలు ఫోన్ల నిండా దాచుకుంటున్నారు. గురువారం జుమ్మేరాత్ బజారుకు, ఆదివారం ఆబిడ్స్ పాత పుస్తకాల వరుసకు వెళ్లి వెతుకుతున్నారు. ఏదైనా కంటపడితే ఫొటో తీసి మా సంఘానికి పంపి, "అన్నా, ఇది ఒరిజినలేనా? ఎంత పలుకుతుంది?" అని అడుగుతున్నారు. సరదా మంచిదే. పాత వస్తువు మీద మనసు పడ్డవాడికి చరిత్ర మీద కూడా మనసు పడుతుంది. కాకపోతే ఆ రెండు ప్రశ్నలతో పాటు ఇంకొకటి కూడా అడగాలని మాకనిపిస్తుంది: దీన్ని ఎవరి మీద ఎత్తారు? ఈ వ్యాసం దాని గురించే.

ముందు ధర సంగతి చూద్దాం. 2021 ఆగస్టులో అమెరికాలో జరిగిన బాన్‌హామ్స్ వేలంలో ఒక కోల్ట్ రివాల్వర్ 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. షెరీఫ్ పాట్ గారెట్ 1881లో బిల్లీ ద కిడ్ అనే బందిపోటును కాల్చి చంపింది దానితోనే. తుపాకీగా దానిలో ప్రత్యేకత ఏమీ లేదు, ఆ రకానివి కోల్ట్ కంపెనీ లక్షల్లో తయారు చేసింది. కాల్చినవాడి పేరు, చచ్చినవాడి పేరు రెండూ కాగితాలతో సహా రుజువై ఉండటమే దాని విలువ. సేకరణలో అసలు కిటుకు ఇదే. ఇనుముకు ధర తక్కువ, దాని వెంట నడిచి వచ్చిన కథకు ధర ఎక్కువ. మన దగ్గరి పాత పోలీసు వస్తువుల్లో చాలావాటికి కథ సగమే మిగిలింది. కంపెనీ పేరు ఉంటుంది, నంబరు ఉంటుంది, అదృష్టం బాగుంటే వాడిన అధికారి పేరూ ఉంటుంది. అవతలి వైపు నిలబడ్డవాళ్ల పేరు మాత్రం ఉండదు.

రివాల్వర్ పేరు మోసిన తీరులోనే మనలాంటి వాళ్ల కథ ఒకటి ఉంది. శామ్యూల్ కోల్ట్ అనే అమెరికన్ 1836లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కొనేవాళ్లు లేక 1842కల్లా అతని ఫ్యాక్టరీ మూతపడింది. ఆ రోజుల్లో మామూలు తుపాకీ ఒకసారి పేలిస్తే మళ్లీ మందు దట్టించి, గుండు దూర్చి, గజంతో కూరి సిద్ధం చేసుకోవాలి. ఆలోగా కమాంచీ తెగ యోధుడు పరుగెత్తే గుర్రం మీద నుంచే వరసగా బాణాలు వేసేవాడు. విల్లు చేతిలో ఎంత జోరుగా ఆడుతుందో మన కోయ, గోండు పెద్దలకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1844 జూన్‌లో టెక్సాస్‌లోని వాకర్స్ క్రీక్ దగ్గర కథ తిరగబడింది. టెక్సాస్ రేంజర్ల చేతుల్లో మళ్లీ మళ్లీ పేలే కోల్ట్ రివాల్వర్లు ఉన్నాయి, కమాంచీలు నిలవలేకపోయారు. ఆ పేరుతోనే 1847లో అమెరికా సైన్యం వెయ్యి రివాల్వర్లకు ఆర్డరిచ్చింది. కోల్ట్ మళ్లీ లేచి నిలబడ్డాడు. వాకర్ కోల్ట్ అని పిలిచే ఆ రివాల్వర్ సిలిండర్ చుట్టూ ఒక బొమ్మ చెక్కారు: రేంజర్లు కమాంచీలను తరుముతున్న దృశ్యం. 2018లో వాటిలో ఒకటి 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఒక తెగ ఓటమి ఆ వస్తువుకు నగిషీ అయింది, నగిషీ చెరగకుండా ఉంటే ధర పెరుగుతుంది. కమాంచీ పిల్లలు ఆ బొమ్మను చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక మన దేశానికి వద్దాం. లండన్ నగరానికి 1829లో ఏర్పాటైన పోలీసులు మామూలుగా తుపాకులు లేకుండానే గస్తీ తిరిగేవారు. ఇంగ్లీషువాళ్లు ఇండియాకు ఆ నమూనా తేలేదు. ఐర్లండ్ ప్రజలను అణచి ఉంచడానికి పెట్టిన సాయుధ పోలీసు దళం నమూనాను తెచ్చారు: తుపాకులుండాలి, బ్యారక్‌లుండాలి, పైవాడి హుకుం మీద నడవాలి. 1843 తరువాత సింధులో మొదలై, 1859 చట్టంతో మద్రాసు రాజధానికి, 1861 చట్టంతో మిగతా బ్రిటిష్ ఇండియాకు అది పాకింది. సేకరణదారులు కళ్లకద్దుకునే వెబ్లీ రివాల్వర్లలో ఒక రకం పేరే ఆర్.ఐ.సి., అంటే రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ. 1868లో ఆ ఐరిష్ పోలీసుల కోసం తీసుకున్న రకం అది. బర్మింగ్‌హామ్‌లో చేసిన ఆ చేతితుపాకీ మీద మూడు అక్షరాలు చదివితే, మన ఏజెన్సీ ఊళ్లకు వచ్చిన పోలీసు వ్యవస్థ ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

అయితే రివాల్వర్ దొరకు. జవానుకు అది ఉండేది కాదు. 1857 తిరుగుబాటు తరువాత తెల్లవాళ్లు దేశీయ సిపాయిలకు గొట్టం లోపల గాడులు లేని తుపాకులే ఇచ్చారు. గాడులుంటే గుండు సూటిగా దూరం పోతుంది, లేకపోతే పోదు. రేపు ఆ తుపాకీ తమవైపే తిరిగితే అన్న భయం వాళ్లది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కూడా అంతే. సైన్యం వాడిన 303 రైఫిళ్లను గొట్టం మార్చి, ఒక్కసారికి ఒక్క తూటా పేలే .410 మస్కెట్లుగా చేసి పోలీసులకిచ్చారు. చూడ్డానికి రైఫిలే, లోపల మాత్రం కోరలు పీకిన పాము. మన వెలిగొండల్లో, మన్యంలో, ఆసిఫాబాద్ అడవుల్లో మనవాళ్లకు ఎదురు నిలబడ్డ జవాను కూడా సర్కారుకు నమ్మకం లేనివాడే. ఈ సంగతి మరచిపోతే చరిత్ర ఒంటికన్నుతో చూసినట్టవుతుంది.

1878లో లిట్టన్ ప్రభువు ఆయుధాల చట్టం తెచ్చాడు. ఇండియన్లకు లైసెన్సు కావాలి, యూరోపియన్లకు అక్కర్లేదు. అడవిలో పంట కాపలాకు, వేటకు నాటు తుపాకీ పట్టుకున్నవాడు ఆ ఏడాది నుంచి కాగితం చూపించాల్సినవాడయ్యాడు. ఆ మరుసటి ఏడాది, 1879 మార్చిలో, రంప మన్యంలో తిరుగుబాటు లేచింది. దానికి ఈ చట్టమే కారణమని మేము అనడం లేదు. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, కోర్టుల్లో షావుకార్ల దావాలు, పోలీసుల మామూళ్లు అన్నీ కలిశాయి. కానీ కొండరెడ్లు, కోయలు మొదట తిరగబడింది పోలీసుల మీదే. అణచడానికి మద్రాసు పదాతి రెజిమెంట్లు ఆరు వచ్చాయి, హైదరాబాద్ నుంచి కూడా ఒక రెజిమెంటు వెళ్లింది. చాలామందిని అండమాన్ పంపారు.

నలభై మూడేళ్ల తరువాత అదే కొండల్లో ఏం జరిగిందో మీకు తెలిసిందే. అయినా ఒక ముక్క మళ్లీ చెప్పాలి, ఎందుకంటే పోలీసు వస్తువుల చరిత్రలో ఇంతకంటే ఆసక్తికరమైన ఘట్టం మాకు కనబడలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్ మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. ప్రాణాలు తీయలేదు. పైగా తీసుకున్న సామానుకు స్టేషన్‌లో లెక్క రాసిపెట్టి రాజు సంతకం చేశాడు. దోపిడీ చేసినవాడు రసీదు ఇచ్చి పోవడం ఎక్కడైనా విన్నామా? ఒక ఆయుధం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ తేదీన మారిందో రాసి ఉంచడాన్ని నేటి వేలం సంస్థలు వస్తువు పూర్వాపరాలు అంటాయి. తిరుగుబాటుదారుడే దాన్ని తన చేత్తో రాశాడు.

ఆ తుపాకులతోనే 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కొట్టారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుబడి ప్రాణం వదిలిన రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. దళం వెంట నడిచినవాళ్లలో గాము గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర పేర్లే మనకు గట్టిగా వినిపిస్తాయి. గంటందొర ఆ ఏడే పోలీసు తూటాకు నేలకొరిగాడు. మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మిగిలిన వందలమంది కోయ, బగత, కొండదొరల పేర్ల కోసం వెతికితే ఎక్కడ దొరుకుతాయనుకుంటున్నారు? పోలీసు రికార్డుల్లో, కోర్టు తీర్పుల్లో. మన తాతల పేర్లు మనకు దాచిపెట్టింది ముద్దాయిల జాబితాలు.

ఆ రికార్డుల్లో అన్నిటికంటే చేదుదాని గురించి ఇప్పుడు చెప్పుకోవాలి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన ఎరుకలలు, లంబాడాలు రైళ్లు రాగానే బతుకుతెరువు పోగొట్టుకున్నారు. తిరిగేవాడిని సర్కారు నమ్మదు. మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ 1892లో నేరస్థ వర్గాల గురించి ఒక పుస్తకం అచ్చువేసి, మన కులాలను అందులో వరసగా కూర్చోబెట్టాడు. జంతుశాస్త్ర పుస్తకంలో జంతువుల్లాగే ఉంటుంది ఆ వర్ణన: వేషం ఇది, భాష ఇది, దొంగతనం చేసే పద్ధతి ఇది. పాత పుస్తకాల మార్కెట్లో దాని మొదటి ముద్రణకు సేకరణదారులు మంచి ధర పెడతారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో సవరించి దేశమంతా పెట్టినప్పుడు, నమోదైన ప్రతి మనిషి వేలిముద్ర తీసుకునే అధికారం పోలీసులకు వచ్చింది. తప్పు చేసినందుకు కాదు, పుట్టినందుకు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుకు స్టువర్టుపురం అని పేరు వచ్చింది కూడా ఒక పోలీసు పెద్ద వల్లే. హెరాల్డ్ స్టువర్ట్ మద్రాసు గవర్నర్ మండలి సభ్యుడు కాకముందు పోలీసు శాఖలో పెద్ద హోదాల్లో పనిచేసినవాడు. అలాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పట్టీ, పొలిమేర దాటడానికి పాసు, తిరిగొచ్చాక మళ్లీ హాజరు. స్టువర్టుపురం ఆడవాళ్లు, మగవాళ్లు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. పేరు మీద పడ్డ మచ్చ మాత్రం సినిమాల్లో, సామెతల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

మాకైతే ఒక పాత హాజరు పట్టీ, ఒక చిరిగిన పాసు ఏ వెబ్లీ రివాల్వర్‌కన్నా పెద్ద పోలీసు జ్ఞాపకమే. వేలంలో వాటికి గిరాకీ లేదు కాబట్టి అవి తూకానికి పోతున్నాయి.

నిజాం ఇలాకా కాగితాలు చదవాలంటే ఇంకో చిక్కు ఉంది. అవి ఉర్దూలో, ఫార్సీలో, ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఎస్సైని అప్పుడు అమీన్ అనేవారు, స్టేషన్ ఠాణా. హైదరాబాద్ ఫసలీ ఏడు అక్టోబరులో మొదలవుతుంది. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1350 ఫసలీ అని చూస్తే 1940 అక్టోబరు నుంచి అని అర్థం చేసుకోండి. కొమురం భీము జోడేఘాట్‌లో నేలకొరిగిన రోజులవే. పన్నెండు గూడేల భూమి మీద హక్కు అడిగిన మనిషి మీదికి సాయుధ పోలీసులు వెళ్లారు. అవతల బర్మార్లు, బరిసెలు, విల్లంబులు. చాలా పుస్తకాల్లో తేదీ అక్టోబరు 27 అని ఉంటుంది. గోండులు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమికే వర్ధంతి చేస్తారు. పౌర్ణమి నాడు చనిపోయాడని గూడెం గుర్తుపెట్టుకుంది, క్యాలెండరు తేదీ ఆఫీసు గుర్తుపెట్టుకుంది. రెండిటినీ పక్కపక్కన రాసుకోవడమే సరైన పద్ధతి అని మా అభిప్రాయం. భీము తరువాత నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి ఆదిలాబాద్ పంపి గోండుల గోడు రాయించింది, 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం వచ్చింది. తూటా తరువాత గానీ పెన్ను రాలేదు.

ఇవన్నీ అడవుల్లో జరిగినవి, సిటీకి ఏం సంబంధం అనుకోకండి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తరువాతి స్టేషన్ పంజాగుట్ట, ఆ తరువాత ఎర్రమంజిల్. అక్కడి గుట్ట మీద ఉన్న ఇర్రం మంజిల్ 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న భవనం. 2019 జూన్‌లో దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయిస్తే, నవాబు వారసులు, చరిత్ర అభిమానులు హైకోర్టుకు వెళ్లారు. సెప్టెంబరు 16న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఫొటోలున్నాయి, పేర్లున్నాయి, కాగితాలున్నాయి, వాదించడానికి మనుషులున్నారు. భవనం నిలబడింది, మంచిదే. అదే రోడ్డు పట్టుకుని కొంచెం ముందుకు పోతే బంజారాహిల్స్. 1930 ప్రాంతంలో మెహదీ నవాజ్ జంగ్ అనే అధికారి ఆ రాళ్ల గుట్టల్లో ఇల్లు కట్టుకుని, అక్కడ బతుకుతున్న లంబాడాల పేరు మీద దానికి బంజారా భవన్ అని పేరు పెట్టాడు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడే బస చేశారు. తండా పోయింది, రోడ్డు నంబర్లు వచ్చాయి. 2022 సెప్టెంబరు 17న అదే బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమైనప్పుడు మనవాళ్లు వేలల్లో వచ్చింది ఊరికే కాదు.

పంజాగుట్ట పోలీస్ స్టేషన్ 2017 సంవత్సరానికి కేంద్ర హోంశాఖ ఇచ్చిన ర్యాంకుల్లో దేశంలో రెండో స్థానం తెచ్చుకుంది. ఆ స్టేషన్ ముందు నుంచే రోజూ మీరు కోచింగ్‌కు నడిచి వెళ్తారు. మీలో ఎంతమంది ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతున్నారో మాకు తెలుసు. రేపు మీలో ఒకరు ఏ ఏజెన్సీ ఠాణాకో ఎస్సైగా వెళ్లి బీరువా తెరిస్తే, అందులో చెదలు పట్టిన పాత రిజిస్టర్ ఉండవచ్చు. దాన్ని చెత్తకు పంపే ముందు ఒక్క పేజీ తిప్పి చూడండి. మీ ముత్తాత వేలిముద్ర అందులో ఉండే అవకాశం కొట్టిపారేయలేం.

ఇప్పుడు ఇంటి అటకల మీద ఉన్న బర్మార్ల గురించి. దీన్ని జాగ్రత్తగా చదవండి, సరదా కేసుగా మారేది ఇక్కడే. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్, పాతకాలపు లేదా పాడైపోయిన ఆయుధాన్ని మినహాయిస్తుంది గానీ, బాగుచేసినా పేలని స్థితిలో ఉంటేనే. పేలే వీలుంటే అది తాత ఇచ్చినా తుపాకే. 2020 ఫిబ్రవరిలో కేంద్రం పురావస్తువుల కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. కానీ వాటిని మోసుకెళ్లాలన్నా, వాడాలన్నా లైసెన్సు ఉండాలి. ఫలానా వస్తువు ఆ కోవలోకి వస్తుందో లేదో తేల్చేది మీరు కాదు, అమ్మేవాడూ కాదు. 2019 సవరణతో లైసెన్సు ఉన్నవాళ్లు కూడా రెండు తుపాకుల కంటే ఎక్కువ ఉంచుకోకూడదు. నూరేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించడం నేరం. హైదరాబాద్‌లో లైసెన్సు అధికారం పోలీస్ కమిషనర్‌ది. కాబట్టి బజారులో ఎవరైనా నిజాం కాలంనాటి పిస్తోలు అని చూపిస్తే, చేత్తో పట్టుకుని రీల్ తీయకండి. కొత్తగా పోతపోసి, తుప్పు పట్టించి, మీద వెబ్లీ అని కొట్టి అమ్మేవి మార్కెట్లో కొల్లలు. అసలైతే ఒక కేసు, నకిలీ అయితే డబ్బు దండగ.

మనం సేకరించగలిగినవి వేరే ఉన్నాయి, వాటికి లైసెన్సు అడిగేవాడు లేడు. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో సెటిల్‌మెంటు పాసు ఉందేమో చూడండి. అటవీ శాఖ జరిమానా రసీదు, కోర్టు సమన్లు, తాత ఊళ్లో బిళ్ళ బంట్రోతుగానో పోలీసు పటేలుకు సేవకుడిగానో ఉంటే ఆ ఇత్తడి బిళ్ళ, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి వెళ్లి తిరిగొచ్చినవాళ్ల మాట, అన్నీ లెక్కలోకి వస్తాయి. మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది, పంజాగుట్ట నుంచి దూరం కాదు, ఒక ఆదివారం వెళ్లి వస్తువు కింద చీటీ ఎలా రాశారో చూసి రండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలున్నాయి, ఉర్దూ చదివే స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్తే పని సులువవుతుంది. ప్రొఫెసర్ భంగ్యా భుక్యా లంబాడాల మీద, గోండుల మీద పుస్తకాలు రాసింది అలాంటి దస్త్రాల్లో ఏళ్ల తరబడి కూర్చునే.

పాత కాగితం దొరికితే లామినేషన్ చేయించకండి, ఆ వేడికి, జిగురుకు కాగితం చచ్చిపోతుంది. సెల్లోటేపు అంటించవద్దు. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీయండి, వెనక వైపున ఏమీ లేకపోయినా సరే. ఎవరి ఇంట్లో దొరికింది, వాళ్లకు ఎవరిచ్చారు, అందులో ఉన్న పేరు గలవాళ్లు మీకు ఏమవుతారు అనేది వేరే తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, చెప్పిన పెద్దమనిషి చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి. ఫొటో మాకు పంపితే చాలు, కాగితం మీ ఇంట్లోనే ఉండనివ్వండి.